చేటెడు తవుడు

ముందు కడియాల చప్పుడు వినిపించింది. మంచు ఇంకా విడలేదు, మనిషి కనిపించలేదు.

అంబలి కలుపుతున్న సోములమ్మ చెయ్యి ఆగింది.

"వచ్చీసింది సీపుళ్ళ ముసలి," అని పళ్ళు నూరింది.

డుంబ్రిగుడ సంత రోజున ప్రతివారమూ ఇదే తంతు. పైకొండ గూడెం నుంచి ఆ మనిషి చీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని దిగుతుంది. సంతకు దగ్గరి దారి వేరే ఉన్నా ఈ ఊరి మీదుగానే వెళుతుంది. సోములమ్మ గడప ముందు మోపు దించి మంచినీళ్ళు అడుగుతుంది. ముసలి అన్నమాటే గాని, వయసులో సోములమ్మకన్నా పెద్దదేమీ కాదు. కొండ ఎక్కీ దిగీ ఎండిపోయింది.

నీళ్ళు తాగినంతసేపూ ఆమె చూపు సోములమ్మ కొడుకు తవుడి మీదే ఉంటుంది.

ఆ చూపే సోములమ్మకు గిట్టదు.

తవుడికి ముందు పుట్టిన బిడ్డలెవరూ ఆమెకు దక్కలేదు. అందుకే వాడు పుట్టిన పూట ఊరి ఆనవాయితీ పాటించారు. తల్లి మొహమైనా చూడకముందే పసికందును చేటలో పెట్టి పెంటకుప్ప మీదికి పంపారు. మొహం కనిపించకుండా కొంగు కప్పుకున్న ఎవరో పరాయి ఆడది ఎత్తుకుని, తన బిడ్డే అన్నట్టు గుమ్మంలోకి తెచ్చింది. సోములమ్మ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. కొన్న బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. ఆ తవుడే వాడికి పేరైంది.

ఇప్పుడు వాడు కాఫీతోట పనికి వెళ్ళేంతవాడు. మొగుడు పోయిన సోములమ్మకు వాడొక్కడే ప్రాణం.

"గుంటడు సిక్కిపోనాడమ్మా," అంది చీపుళ్ళ ముసలి.

"నా గుంటడు సిక్కితే నీకేటి, బలిస్తే నీకేటి?"

"నాకేటీ నేదమ్మా."

"మరి సంతలో పుంజుని బేరమాడినట్టు ఆ సూపేటి?"

తవుడు ముంత దించి నవ్వాడు. "ఊరుకోయే అమ్మా! ముసలమ్మ సూత్తే నానేటి అరిగిపోతానా?"

వాడి మీసానికి అంబలి అంటింది. ముసలిది తనకు తెలియకుండానే కొంగు చివర పట్టుకుని తుడవబోయింది.

సోములమ్మ చీపుళ్ళ మోపును వీధిలోకి విసిరికొట్టింది.

"నా కొడుకు మీద సెయ్యేత్తావా? మళ్ళీ ఈ గడప తొక్కితే కాలిరగ్గొడతాను!"

ముసలిది చెదిరిన చీపుళ్ళు ఏరుకుని మంచులోకి నడిచింది.

పొద్దెక్కేసరికి తవుడు పరుగున వచ్చాడు.

"అమ్మా, సీపుళ్ళ ముసలమ్మ గెడ్డ నీళ్ళ కాడ పడి సచ్చిపోనాదే! నా అన్నోలెవులూ నేరంట. మన వల్లకాట్లోనే కప్పెడతన్నాం."

వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు.

'పొద్దున్నే అంత మాట అనకుండా ఉండవలసింది,' అనుకుంది సోములమ్మ. పొయ్యిలోకి మరో పుల్ల తోసింది.

పెరటి దారిన మంత్రసాని అసిరమ్మ వచ్చింది. ఊరి బిడ్డలందరినీ నేల తాకనివ్వక అందుకున్న చేతులు ఆమెవి.

"సోములూ, దిక్కునేని సవమని ఊరిపెద్ద నాయుడే మట్టేసేత్తానంతన్నాడు. మీ వోడిసేత ఏయించు."

"తొలిమట్టి కన్నకొడుకెయ్యాల. పరాయిదానికి మావోడెందుకేత్తాడప్పా?"

అసిరమ్మ నేల మీద చతికిలబడింది.

"పురుటి పూట నీ బిడ్డ ఏడుపు ఇన్నావు కదా?"

"ఇన్నాను."

"ఆడి ఏడుపు అదొక్కటే. పెంట కాడకి ఎల్లేతలికి సేటలోనే సల్లబడిపోనాడు."

సోములమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"మరి... గుమ్మంలోకి తెచ్చిన బిడ్డ?"

"ఆ సీపుళ్ళదానిదే. రైలు సొరంగం పనికొచ్చినారు. మొగుడు సలిజొరంతో పోనాడు. ఒళ్ళో పురిటిగుడ్డుతో మా పంచలో తలదాసుకుంది. తిండి నేక పాలింకిపోనాయి. నాను అడగనేదు సోములూ. నీ బిడ్డని సూసింది, దాని బిడ్డని సూసుకుంది. తనంతట అదే సేట అందుకుంది."

"నానిచ్చిన తవుడు?"

"ఉడకేసుకు తింది."

చావును నమ్మించడానికి ఆడిన మాట నిజమై, నిజమని పెంచుకున్నదంతా ఆటగా మిగిలింది.

"నా గుంటడినేటి సేసినారప్పా?"

"అదే ఎత్తుకెల్లి కప్పెట్టింది. ఆడికి మట్టేసింది అదే."

పొయ్యి మీద అంబలి పొంగి నిప్పుల్లో పడింది. ఇద్దరూ కదల్లేదు.

"దాని బిడ్డకి పేరెట్టుకుందా?"

"కొండోలు పుట్టిన వారమే పేరెడతారు కదా. సుక్కురోరం పుట్టినాడు." అసిరమ్మ లేచింది. "సెప్తే సెప్పు, మానితే మాను. నాను నోరెత్తను."

చెప్పకపోతే వాడు సాయంత్రానికి ఈ గడపకే వస్తాడు. చెబితే వస్తాడో రాడో.

సోములమ్మ తలుపైనా వేయకుండా నడిచింది. పరుగెత్తింది.

గొయ్యిలోకి శవాన్ని దించారు. నాయుడు గుప్పిట్లోకి మట్టి తీసుకున్నాడు.

"ఆగండి!"

అందరూ తిరిగి చూశారు. అంత దూరాన, పార భుజాన వేసుకుని తవుడు నిలబడి ఉన్నాడు.

"ఏటమ్మా?" అన్నాడు.

ఆ పిలుపును సోములమ్మ ఒక్క క్షణం గుండెల్లో దాచుకుంది. తరువాత ఊరంతా వినేలా అంది:

"నిన్ను కన్నతల్లిరా అది... తొలిమట్టి నువ్వెయ్యాల, సుక్రూ!"