రెండు వాకిళ్ల కలుగు

ఒక పొలం గట్టు కింద ఎలుకల కలుగు ఉండేది. దానికి తూర్పున ఒక వాకిలి, పడమర ఒక వాకిలి. తూర్పు వాకిట సింగన్న అనే ముసలి ఎలుక కూర్చుని, ఆగకుండా "ఉన్నాను, ఉన్నాను" అని కేకేసేవాడు. ఆపద వస్తే ఎలుకలన్నీ ఆ కేక వినిపించే వైపే పరుగెత్తాలి. కేక ఆగితే పడమటి వాకిట కాపలా ఉన్న పోలమ్మ దాన్ని అందుకోవాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

ఆ ఏడు ముసురు పట్టి వాగు పొంగింది. ఎలుకలు పిల్లల్ని నోట కరచుకుని తూర్పుకు పరుగెత్తాయి. సింగన్న కూర్చున్న చోటు పొడిగానే ఉంది. వాకిలి దాటి మలుపు తిరిగితే మాత్రం దారంతా వరద. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే మునిగిపోతున్నారు.

పోలమ్మకు అనుమానం వచ్చింది. "మామా, అటు నీళ్ల హోరు వినిపిస్తోంది. నేను అందుకోనా?"

"నేను కేక ఆపానా? ఆపినప్పుడు చూద్దువుగాని!" అని కసిరాడు సింగన్న.

కట్టుబాటు కదా అని ఆమె ఊరుకుంది. చివరికి ఉండబట్టలేక తనూ కేకేసింది. అప్పటికి మిగిలిన పదకొండు మందే పడమటి నుంచి మెరక చేరారు.

ఆఖరున వచ్చిన సింగన్న, "ఒక్కసారైనా కేక ఆపలేదే నేను!" అన్నాడు.

"నువ్వున్నావా లేదా అనే విన్నాను మామా. దారి ఉందో లేదో చూడలేదు," అంది పోలమ్మ.

పిల్లలందరినీ పోగొట్టుకున్న ఒక తల్లి వాళ్లిద్దరి మధ్య నుంచి మళ్లీ నీళ్ల వైపు నడిచింది.