సోమవారం సీరియల్

"గామెకు శాలువా కప్పకుండ్రి సారూ. ఆ సీరియల్ గామె ఒక్కనాడన్న సూడలే."

నిజామాబాద్ సభలో చివరి వరుస నుంచి సుమిత్రమ్మ ఎడమ చెయ్యి పైకెత్తి అన్న మాట అది. వేదిక మీద శాలువా విప్పిన సీరియల్ రచయిత అట్లాగే ఆగిపోయాడు. ఆయన ముందు నిలబడ్డ రేణుక తల వంచుకుంది.

ముప్పయ్యేళ్ల కిందట టీవీలో ఆదివారం ఆదివారం వచ్చిన నవ్వుల సీరియల్ అది. తాతల నాటి నుంచి బడి గడప తొక్కని కులాల పిల్లల కోసమే పెట్టిన ఒక కాలేజీ, దాని హాస్టలు, అందులోని అల్లరి. అది చూసి కాలేజీలో చేరినవాళ్లు ఉత్తరాలు రాయండని ఒక పత్రిక అడిగింది. బోధన్ బీడీల వాడలో పుట్టి లెక్చరరైన రేణుక ఉత్తరానికి ఈ సన్మానం దక్కింది.

పేపర్లో రేణుక ఫోటో చూసిన నాటి నుంచి అదే వాడలో ఉండే సుమిత్రమ్మకు బువ్వ సయించలేదు. అప్పట్లో వాడంతటికీ టీవీ ఉన్నది రుక్మాబాయి ఇంట్లోనే. ఆదివారం అక్కడికి పోయేది సుమిత్రమ్మ ఒక్కతే. సోమవారం బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరేవారు. కథ చెప్తుంటే ఆమె పని ఆగుతుంది కదా అని, తలా ఒక కట్ట చుట్టి ఆమె చాటలో వేసేవారు. అందరికంటే చిన్నది రేణుక. చెప్పిన తనేమో ఇంకా చాట ముందే ఉంది. విన్న పిల్లకేమో శాలువా!

రేణుక మైకు దగ్గరికి వచ్చింది.

"అక్క చెప్పింది నిజమే. ఇన్న అని రాస్తే నమ్మరని, సూసిన అని రాసిన. తప్పు నాదే. మీ సీరియల్ల ఎడమ చేత్తోని బీడీలు చుట్టుకుంట పాఠం సదివే పిల్ల ఉంటది గద సార్. హాస్టల్ల గీ తంబాకు వాసనేందని వార్డెన్ తిడితే, మా ఇంట్ల అన్నం వాసన గిదే మేడమ్ అంటది. ఆ పిల్లను అక్క నోట ఇన్నంకనే నేను కాలేజీ మెట్లెక్కిన."

సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కూడా రేణుకకే పోయాయని సుమిత్రమ్మ కడుపు మండింది.

రచయిత మాత్రం చప్పట్లు కొట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేదిక దిగి, వరుసలన్నీ దాటి సుమిత్రమ్మ దగ్గరికి వచ్చాడు. ఆ సీరియల్‌లో ప్రతి మాటా తను రాసిందేనని, అటువంటి పిల్ల అందులో ఎక్కడా లేదని మెల్లగా చెప్పాడు.

"మరి ఆ పిల్లను నువ్వు ఏ వారం చూశావమ్మా?"

సుమిత్రమ్మ ఎడమ చెయ్యి కొంగు చాటుకు పోయింది.

"నేను సూస్తె గద సారూ. తంబాకు వాసనొస్తదని రుక్మాబాయి తలుపేసుకునేది. బయట అరుగు మీద కూసుంటే మాటలు తెల్వకపోయేటివి, నవ్వులొక్కటే ఇనవడేటివి."