ఏడని చెప్పిన ఫంక్షన్

ఫ్లోరెన్స్ రాసిన ఫంక్షన్ గోడ మీది తెరపై ఎర్రగా వెలిగేసరికి దిలీప్ లోలోపల చంకలు గుద్దుకున్నాడు. పైకి మాత్రం అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహం పెట్టడంలో అతగాడికి మంచి ప్రవేశం ఉంది లెండి.

జగ్గయ్యపేటలో క్వారీ లారీల తూకాలకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఆఫీసది. ఓనర్ వెంకటరత్నం గారిది ఒకటే చాదస్తం. ఏ ఫంక్షనైనా, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కేదైనా, తన పని చేయడానికి మూడు వివరాలకి మించి అడక్కూడదు. తనకెన్ని కావాలో, వాళ్ళు ప్రోగ్రాంలు రాసే జావాస్క్రిప్ట్ భాషలో ప్రతి ఫంక్షనూ ఒక అంకె చెబుతుంది. సోమవారం పొద్దున్నే ఆ అంకెలన్నీ తెర మీద వేయించి, మూడు దాటినవాళ్ళని అందరి ముందూ కడిగేస్తారాయన.

ఈ సోమవారం టీమ్ లీడర్ ఎవరో కూడా తేల్చేస్తానన్నారు. పోటీలో ఇద్దరే. నందిగామ నుంచి బస్సులో వచ్చే ఫ్లోరెన్స్, ఏళ్ళ తరబడి కుర్చీకి అతుక్కుపోయిన దిలీప్. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల తన నెత్తినెక్కడమేంటని దిలీప్ అయ్యగారికి ఒళ్ళు మండింది. శనివారం ఆమె భోజనానికి వెళ్ళగానే ఆమె ఫైల్ తెరిచి, అడుగున ఒక్క లైన్ గీకాడు. దాంతో ఫంక్షన్ మూడు వివరాలే తీసుకుంటుంది, అడిగితే మాత్రం ఏడని చెబుతుంది. ఆఫీసంతటికీ ఒకటే లాగిన్ కాబట్టి ఎవరి నిర్వాకమో తెలిసే దారి లేదు. ఎంత ఘనకార్యమో చూడండి!

"ఏంటమ్మా ఇది? ఏడా?" అన్నారు వెంకటరత్నం గారు.

ఫ్లోరెన్స్ మొహం పాలిపోయింది. తను రాసింది మూడుకేనంది. దిలీప్ ఊరుకోలేదు. ఈ కాలం వాళ్ళకి రూల్సంటే లెక్కలేదనీ, మొదట్నుంచీ తను మొత్తుకుంటూనే ఉన్నాననీ అందుకున్నాడు.

ఆయన ఫైల్ తెరిపించారు. చూస్తే మూడే ఉన్నాయి. కిందికి జరిపి ఆ లైన్ దగ్గర ఆగిపోయారు. దిలీప్‌కి ఆ నిశ్శబ్దం మహా కమ్మగా ఉంది. ఇక పిల్లని బయటికి గెంటడమే తరువాయి అనుకున్నాడు.

"ఈ లైన్ నువ్వే రాశావా?"

"నేను కాదు సార్, నిజంగా."

"నీ ఫైల్లో ఇంకెవరు రాస్తారు?" అంటూ ఆయన అందర్నీ కలయజూశారు. దిలీపైతే తనకేం సంబంధం లేదన్నట్టు తల మరీ గట్టిగా అడ్డంగా ఊపాడు.

"భయపడకమ్మా," అన్నారాయన. "తూకం ఫంక్షన్లని ఇంకో ఫంక్షన్లో చుట్టిన దగ్గర్నుంచీ అవన్నీ మాకు సున్నా వివరాలు చాలంటున్నాయి. ఆ అంకె నమ్మి సిస్టమ్ కూడా వాటికి ఏ వివరమూ పంపకుండా చేతులు ముడుచుకుంటోంది. ఆ అంకె మార్చడం ఎవరి తరమూ కాదని ఈ దిలీపే తేల్చేశాడు. నువ్వు మార్చి చూపించావు, ఇదే లైన్‌తో వాటినీ సరిచేయొచ్చు. ఇకనుంచి నువ్వే లీడర్‌వి."

దిలీప్ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. అప్పుడు పని తప్పించుకోడానికి అన్న మాట అది. ఇప్పుడా లైన్ నాదేనంటే ఉన్న ఉద్యోగం ఊడుతుంది. మింగలేక, కక్కలేక గిలగిల్లాడాడు.

వెంకటరత్నం గారు లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"దిలీప్, ఆ లైన్ ఎలా రాయాలో ఫ్లోరెన్స్ మేడమ్ దగ్గర కూర్చుని నేర్చుకో."