పొట్టి గుల్లలు, పొడుగు గుల్లలు

మా అల్లుడు ఉమాకాంత్‌కి ఒక వింత సరదా ఉంది. కాల్చేసిన పిస్తోలు తూటాల ఇత్తడి గుల్లలు షూటింగ్ నేర్చుకునే చోట ఏరి తెచ్చుకుని, అమెరికాలో, ఫ్రిస్కోలోని ఇంటి గ్యారేజీలోనే వాటికి మళ్ళీ మందు కూరుకుంటాడు.

గుల్లలు రెండు రకాలు. లావు ఒకటే, పొడుగులోనే తేడా.

“కలిసిపోతే ఏమవుతుంది బాబూ?”

“గన్ జామ్ అవుతుంది అత్తయ్యా. ఒక్కోసారి చేతికి దెబ్బ కూడా తగలొచ్చు.”

నా కూతురు పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆ ఇంట్లో ఇంకొకరికి దెబ్బ తగలనిస్తానా? గుల్లలన్నీ చాటలో పోసుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాను. వేటికవి రెండు డబ్బాల్లో పోసి మూతలు పెట్టాను.

వారం తిరక్కుండా మళ్ళీ కలిసిపోయాయి.

“ఇంత చదువుకుని రెండు డబ్బాలు చూసుకోలేవా?”

“సాఫ్ట్‌వేర్ బుర్ర అత్తయ్యా, డబ్బాల దగ్గర పనిచేయదు.”

తిడుతూనే ఏరాను. చాలా రోజులకు ఆ పూట నాకు ఆకలేసింది. ఇద్దరం కూర్చుని అన్నం తిన్నాం.

నిన్న గ్యారేజీలోకి తొంగి చూశాను. అల్లుడు రెండు డబ్బాలూ బకెట్లో కుమ్మరించి, చేత్తో బాగా కలుపుతున్నాడు.

నన్ను చూడలేదు. చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి, చాట దులుపుకుని కూర్చున్నాను. బకెట్ తేగానే గట్టిగా తిట్టాలి. నేను తిట్టకపోతే అతనికీ ముద్ద దిగదు.