బానెట్ ఎత్తు

టైలర్‌కి డ్రైవింగ్ రాదు. అయినా తలుపు తియ్యగానే వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

“మీరు నడపరంటున్నారు కదా సార్, పక్క సీట్లో కూర్చుని చూడండి. హాయిగా కాళ్లు చాపుకోవచ్చు,” అన్నాడు సేల్స్‌మాన్.

“ఇక్కడే చూస్తా.”

అది పాత కార్లు అమ్మే షెడ్డు. మూడు కార్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. మూడూ చిన్న సైజు ఎస్‌యూవీలే. రోజూ పనికీ బజారుకీ తిరిగేవాళ్లు కొనుక్కునేవి. సేల్స్‌మాన్ నోటికి తెరిపి లేదు. మొదటిది పెట్రోలు వాసన చూస్తే చాలు, పరిగెడుతుందట. రెండోదాని డిక్కీలో బట్టల మూటలు ఎన్ని కుక్కినా ఇంకా చోటు మిగులుతుందట. మూడోది అన్నిటికంటే ఎత్తట.

గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో టైలర్ భార్య కూర్చుని ఉంది. కార్ల వైపు వీపు పెట్టి కూర్చుంది. కాళ్ల దగ్గర బట్టల బ్యాగు. ఏడాదిగా తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఆ బ్యాగు ఇవాళ మొగుడింటికి వెళ్లాలో, మళ్లీ తమ్ముడింటికే వెళ్లాలో టైలర్ చెప్పాలి. కార్లు చూశాకే చెబుతానన్నాడు.

“ఇవాళ తేల్చెయ్ బావా,” అన్నాడు బావమరిది కిటికీలోకి వంగి. “తీసుకెళ్తానను, లేదంటే లేదను. ఇంకా నానబెడితే అక్క మనిషి కాకుండా పోతుంది.”

“ఊఁ.”

సేల్స్‌మాన్ బావమరిదిని పక్కకి లాగాడు. “కారు గురించేనా గొడవ?”

“కారు దగ్గరే వచ్చింది.”

“రంగు మీదా? మా ఇంట్లో అయితే కర్టెన్ల రంగు మీద నెల్లాళ్లు మాటల్లేవు. నేనూ మా ఆవిడా గోడలతో మాట్లాడుకున్నాం.”

బావమరిది నవ్వలేదు. “అక్క ఒక మాట చెప్పింది. బావ నమ్మలేదు. అంతే.”

టైలర్ కిందికి దిగాడు. కొట్టు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. దాన్ని తీసి నేల మీంచి బానెట్ దాకా కొలిచాడు.

“కారుకి చొక్కా కుట్టిస్తారా ఏంటి సార్!”

“ఇది తక్కువుంది,” అన్నాడు టైలర్, తనలో తను. తర్వాత బావమరిదితో, “నువ్వు ముందుకెళ్లి కూర్చో,” అన్నాడు.

బావమరిది ఎందుకని అడగలేదు. బానెట్ ముందుకెళ్లి గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు చిటుక్కుమన్నాయి. “ఎంతవరకు వంగను?”

టైలర్ టేపు చూడలేదు. తన తొడకి అరచెయ్యి ఆనించి చూపించాడు. “ఇంత.”

“ఓహో, పార్కింగ్ కోసమా!” అన్నాడు సేల్స్‌మాన్.

“మా ఇంటి ముందు జాగా ఇరుకు.”

“అయితే మీకు మూడోదే సరైనది. ఎత్తున కూర్చుంటే రోడ్డంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఆడవాళ్లు అందుకే ఏరికోరి ఇవే కొంటారు. మేడమ్ నడుపుతారా?”

“నడిపేది.”

మొదటి కారులోంచి చూస్తే బావమరిది నుదురు కనిపించింది. రెండోదాంట్లోంచి జుట్టు మాత్రం కనిపించింది. మధ్యలో ఎవరో టైలర్ చేతిలో కాఫీ కప్పు పెట్టారు. పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. దాని మీద మీగడ కట్టింది. తాగాలన్న సంగతి అతనికి తట్టలేదు.

మూడో కారు దగ్గరికి వచ్చేసరికి సేల్స్‌మాన్‌కి ఉషారెక్కింది. “మీ పాత బండి ఈ మోడలేనటగా! మీ బావమరిది చెప్పాడు. మరెందుకు అమ్మేశారు? ట్రబులిచ్చిందా?”

“లేదు. బాగానే నడిచేది.”

టైలర్ ఎక్కి కూర్చున్నాడు. పాత కారులో ఎప్పుడూ వెనక సీట్లో బట్టల మూటల మధ్య కూర్చోవడమే. ఈ సీటు ఎరగడు. స్టీరింగ్ ముట్టుకోలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎదురుగా ఇస్త్రీ చేసిన గుడ్డలా పరుచుకున్న బానెట్. దాని అవతల గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డు అవతల మందుల షాపు బోర్డు మీద అక్షరాలతో సహా కనిపిస్తున్నాయి.

“వంగావా?”

“వంగే ఉన్నా బావా.”

“తలెత్తు.”

“ఎత్తే ఉన్నా.”

టైలర్ సీటు ముందుకి జరుపుకున్నాడు. వెనక్కి జరుపుకున్నాడు. మెడ సాచాడు.

“చెయ్యూపు.”

“ఊపుతూనే ఉన్నా.”

గేటు కనిపిస్తోంది. రోడ్డు కనిపిస్తోంది. బావమరిది జాడే లేదు.

టైలర్ చాలాసేపు దిగలేదు. బేరం కుదిరినట్టే అనుకున్నాడు సేల్స్‌మాన్. “దీన్నే ఖాయం చేద్దామా సార్?”

“వద్దు.”

“మరి ఏది?”

“ఏదీ వద్దు.”

“ఇంతసేపూ కూర్చుని, లేచి, కొలిచి...” అన్నాడు సేల్స్‌మాన్.

బావమరిది లేచి ప్యాంటు దులుపుకున్నాడు. బావ మొహంలోకి ఒకసారి చూసి, గేటు వైపు తిరిగి నిలబడ్డాడు.

టైలర్ గుమ్మం దగ్గరికి నడిచాడు. వంగి బ్యాగు తీసుకున్నాడు. “పద, ఇంటికి పోదాం.”

ఆమె కుర్చీలోంచి లేవలేదు. తల కూడా ఎత్తలేదు. “జాలిపడి తీసుకెళ్లకండి. నమ్మనివాళ్ల ఇంట్లో నేనుండలేను.”

“జాలి కాదు,” అన్నాడు టైలర్. “ఆ రోజు కారు ముందుకొచ్చిన మన బాబు, ఆ సీట్లోంచి నీకు కనబడి ఉండడు.”