హనుమమ్మ అభిమానుల సభ

తిరుమలగిరి హనుమమ్మ పొట్టేలును ఎత్తుకుపోవాలని సతీశ్‌కు బుద్ధి పుట్టింది చౌటుప్పల్‌లో, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఫోన్ చూస్తుండగా.

సంతలో పొట్టేళ్లు ఏం ధర పలుకుతున్నాయో వెతుకుతుంటే ఆమె బ్లాగు తగిలింది. అరవై దాటిన మనిషి. వేళ్లతో రాయడం చేతగాక ఫోన్‌కు చెబుతుంది, ఫోనే రాసుకుంటుంది. పొద్దున ఏం కూర వండిందీ, తన మేక ఎవరి కందిచేలో పడిందీ, పక్కింటి బీరమ్మ దానికి ఏమని తిట్టిందీ, తను తిరిగి ఏమని తిట్టిందీ, ఒక్కటి దాచుకోదు. ప్రతి రోజూ ఒకే మాటతో మొదలుపెడుతుంది: "నా అభిమానులందరికీ శనార్తులు."

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే అనుకున్నాడు సతీశ్.

పొట్టేలు పేరు సర్పంచ్. ఫోటోలో దూడంత ఉంది. చిక్కల్లా ఒకటే, కొత్తవాళ్లు దగ్గరికి పోతే కుమ్మేస్తుంది. ఊళ్లో ముగ్గురు దాని దయవల్ల నడుముకు పట్టీలు కట్టుకుని తిరుగుతున్నారు. సతీశ్ తెలివైనవాడు. భాగ్యశ్రీ అని ఆడపేరు పెట్టుకుని, "పెద్దమ్మా, మరి మీరెట్ల పట్టుకుంటరు?" అని బ్లాగు కింద రాశాడు.

మరునాడే జవాబు పోస్టై వచ్చింది. "సర్పంచ్‌ను ఎట్ల పట్టుకోవాల్నని నా అభిమానులు అడుగుతున్నరు. గుప్పెడు పేలాలు పెట్టాలె. ఎడమ చెవి ఎనుక గోకుకుంట 'రా సర్పంచ్ సాబ్' అనాలె. గంతే, యాదగిరిగుట్ట దాకా ఎనుకనే వస్తడు. గీ కిటుకు మా ఇంట్లోళ్లకు గూడ చెప్పలే. మీరు నా సొంతోళ్లని చెప్తున్న."

అడిగింది తనొక్కడే అయినా అభిమానులందరినీ కలిపేసిందని సతీశ్ నవ్వుకున్నాడు. నాలుగు రోజులకు, మంగళవారం కండ్ల పరీక్షకు నల్లగొండ దవాఖానకు పోతున్నానని కూడా ఆమే చెప్పింది.

మంగళవారం మిట్టమధ్యాహ్నం సతీశ్ ట్రాలీ ఆటో వేసుకుని వెళ్లాడు. పేలాలు పెట్టాడు, ఎడమ చెవి వెనక గోకాడు, మర్యాదగా పిలిచాడు. సర్పంచ్ తనంతట తనే ఎగిరి ఆటో ఎక్కాడు.

చౌటుప్పల్ పక్కన అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్ ఒకటి ఉంది. చుట్టూ ప్రహరీ, లోపల నడుము దాకా గడ్డి. సర్పంచ్‌ను అందులో కట్టేసి బుధవారం పొద్దున బ్లాగు తెరిచాడు.

"నా అభిమానులందరికీ శనార్తులు. సర్పంచ్‌ను ఎవడో ఎత్తుకపోయిండు. రాత్రి బువ్వ పోలే. పోలీసాయన వచ్చి, ఎవ్వలను కుమ్మకుంట పోయిండంటే వాని కిటుకు తెలిసినోడే దొంగ, అది ఎవలెవలకు తెలుసని అడిగిండు. నా అభిమానులందరికీ తెలుసన్న. పాపం, ఆయన తల పట్టుకున్నడు."

సతీశ్ పడీపడీ నవ్వాడు. నెట్‌లో పెట్టిందంటే లోకమంతా చదివినట్టే. ఇక లోకమంతా దొంగలే, ఎవరినని పట్టుకుంటారు?

పొట్టేలును వచ్చే సంతలో అమ్మేయాలి. కానీ మూడు సంతలు దాటినా అమ్మలేదు. పొద్దున్నే బ్లాగు చదవకపోతే అతనికి టీ దిగడం లేదు. బీరమ్మ తిట్లు గట్టిగా చదివి వినిపిస్తే సర్పంచ్ కూడా నెమరు ఆపి వినేవాడు. దొంగసొత్తు మీద మనసు పడితే వ్యాపారం ఏం సాగుతుంది?

నాలుగో వారం పిలుపు వచ్చింది. "ఆదివారం మా ఇంటికాడ నా అభిమానుల సభ. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు. నన్ను సదివేటోళ్లు అందరు రావాలె. రానోళ్ల మీద నాకు అనుమానమే."

సతీశ్ బాగా ఆలోచించాడు. పోకపోతేనే ప్రమాదం. పోతే గుంపులో గోవిందా, తన ముఖం ఎవడు చూస్తాడు? పైగా ఆ తిట్లు ఆమె నోటనే వినాలని ప్రాణం లాగుతోంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

వాకిట్లో చిన్న షామియానా వేసి ఉంది. దాని కింద ఒకే ఒక్క కుర్చీ. తొందరగా వచ్చేశానేమో అనుకున్నాడు. హనుమమ్మ పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది.

"రా బిడ్డా, కూసో. నా బ్లాగు సదువుతవా?"

"ఒక్క దినం తప్పలే పెద్దమ్మా. బీరమ్మ ముచ్చట్లయితే నాకు నోటికొచ్చు."

ఆమె ముఖం వెలిగిపోయింది. బీరమ్మ తిట్టిన తిట్లన్నీ గొంతు మార్చి తిట్టి చూపించింది. సతీశ్ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, కాళ్లకు ఎర్ర బూట్లు తొడుక్కున్న ఒకాయన వచ్చి కూర వడ్డించి, పోయి గేటుకు గొళ్లెం పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

నాలుగో రొట్టె అయ్యాక సతీశ్ చుట్టూ చూశాడు.

"మిగతోళ్లు ఇంక రాలేదా పెద్దమ్మా?"

"ఏ మిగతోళ్లు బిడ్డా?" హనుమమ్మ ఇంకో ముక్క అతని ఆకులో వేసింది. "దినాం ఎంతమంది సదువుతున్నరో లెక్క రాసేటోళ్లకు మాత్రమే కనబడ్తది. నా ఫోన్ల ఆ లెక్క ఎన్నడు ఒకటి దాటలే."