జెట్టీ దాకా

“ఊహూ, ఈ లోతు చాలదు,” అంది సర్వేకొచ్చిన ఆఫీసరమ్మ, పడవ అంచు గట్టిగా పట్టుకుని. “ఏటా ఈ దారినే పోయే టూరిస్టు ఓడని ఇక్కడ ఆపించొచ్చు. కానీ జెట్టీ దాకా రావడం కుదరదు. దూరంగా లంగరేస్తుంది. ప్రయాణికుల్ని పడవల్లో ఒడ్డుకి తేవాలి. నీ పంట పండిందన్నా! ఈ రేవులో పడవలన్నీ నీవేగా?”

పడవవాడి ముఖం వెలగలేదు. “అడుగున పూడిక తీయించండి మేడమ్. ఓడ జెట్టీకే రావాలి.”

“వస్తే నీ పడవలెవరెక్కుతారు? చేతికందిన బేరాన్ని కాలదన్నుకుంటావా?”

“పడవలు మంచివి కావు మేడమ్. ఒకటే కుదుపు.”

అనడమే కాదు, పడవను అలలకు అడ్డంగా తిప్పాడు. అది ఉయ్యాలలా ఊగింది. ఆఫీసరమ్మ కళ్లు మూసుకుంది.

వెనక అతని అత్త కూర్చుని ఉంది. నేల మీదకన్నా నీటి మీదే ఎక్కువ బతికిన మనిషి. ఆమె హఠాత్తుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అమ్మో, కడుపులో తిప్పేస్తోంది! చంపేస్తావా ఏంటి, అల్లుడూ? నాలాంటి ముసలాళ్లు ఈ పడవెక్కితే ఇక అంతే సంగతులు!”

“మరీ అంత వద్దత్తా,” అని గొణిగాడతను.

ఆఫీసరమ్మకి అంత వికారంలోనూ నవ్వొచ్చింది. “అత్తా అల్లుడూ ఒక్క మాట మీదుండడం ఇదే చూడ్డం! ఇంతకీ మీకేం కావాలి?”

“ఓడ జెట్టీకి రావాలి,” అన్నారిద్దరూ ఒకేసారి.

ఆమె నిట్టూర్చింది. “సరే. నాకే కళ్లు తిరిగాయి, సరదాకి వచ్చేవాళ్లు ఊరుకుంటారా? ఖర్చయినా పూడిక తీయించమనే చెప్తాను. ఇంకో లాభమూ ఉందిలే. దూరంగా ఆగితే ప్రయాణికులే దిగుతారు. జెట్టీకి కడితే ఓడలో వంటవాళ్లకీ పనివాళ్లకీ కూడా ఓ పూట సెలవిస్తారు. బజారుకి గిరాకీ!”

పడవవాడు పడవను అలల వెంట మళ్లించాడు. అది కాస్తయినా కుదుపు లేకుండా ఒడ్డు చేరింది. ఆఫీసరమ్మ పడవనీ, అతణ్నీ మార్చి మార్చి చూసింది. ఏదో అడగబోయి, నవ్వేసి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

అత్త మాత్రం దిగలేదు. సముద్రం వైపు చూస్తూ అతని భుజం మీద చెయ్యేసింది.

“ఈసారి మా అమ్మాయి కూడా ఓడ దిగుతుంది కదా, అల్లుడూ?”